నాలుగేళ్ల పిల్లకు ఆరేళ్లు

ఎలీసమ్మ జీవితం మొత్తంలో ఒకే ఒక్క అబద్ధం రాసింది. అదీ మంచికే రాసింది. ఆ మంచిని తగలెయ్య, దాని సంగతే చెబుతాను.

నా పేరు నజ్మీన్. గుంటూరులో పిల్లల రక్షణ ఆఫీసులో ఫోన్లు ఎత్తే ఉద్యోగం నాది. నా ఎదురు కుర్చీ ఎలీసమ్మది. ఆమె సోషల్ వర్కర్. ఆ మాట వినగానే జనం దండలూ ఫొటోలూ అనుకుంటారు. దండలు లేవు, నా మొహం లేదు. ఫలానా మిల్లులో చిన్నపిల్లాడు పనిచేస్తున్నాడనో, తండ్రి తాగొచ్చి వాతలు తేలేలా కొడుతున్నాడనో ఫోనొస్తుంది. ఎలీసమ్మ బస్సెక్కి ఆ ఊరెళ్లాలి. వాళ్ల మంచం మీదే కూర్చుని, వాళ్లిచ్చిన మంచినీళ్లు తాగి, వాళ్ల మీదే రిపోర్టు రాయాలి. ఎవరికిష్టం చెప్పండి అలాంటి చుట్టం? ఒకసారి ఒకావిడ చీపురు తిరగేసింది కూడా. ఇంతా చేస్తే మాది ఏడాదికోసారి పొడిగించే కాంట్రాక్టు ఉద్యోగం.

ఎలీసమ్మది చిలకలూరిపేట వెళ్లే దారిలో, హైవే దిగి మూడు కిలోమీటర్లు లోపలికి వెళ్తే వచ్చే ఊరు. తల్లి ఆదెమ్మ కూలికి వెళ్లేది. పత్తి తీతలయ్యాక మిరప కోతలు, అవయ్యాక తొడిమలు తీయడం. జనవరి వచ్చిందంటే ఎలీసమ్మ కూడా బడి మానేసి తల్లి వెనకే సాలు పట్టేది. ఏడో తరగతి దాకా అంతే. తర్వాత చర్చి హాస్టలువాళ్లు చేర్చుకోబట్టి ఇంటరు దాకా చదివింది. "నన్నెవరో తీసుకెళ్లి బళ్లో పడేశారు కాబట్టి మనిషినయ్యానే," అంటుంది. అందుకే డిగ్రీ అవగానే, పనులకెళ్లే పిల్లల కోసం ఊళ్లో పెట్టిన వేసవి శిబిరంలో టీచరుగా చేరింది. ఎం.ఎస్.డబ్ల్యూ. చదువూ, మా ఆఫీసూ ఆ తర్వాతవి.

ఆ శిబిరంలో ఉన్నప్పుడే బుల్లయ్య కూతుర్ని చంకనేసుకుని వచ్చాడు. భార్య జ్వరంతో పోయి నెలయింది. తాను కోతలకు పొరుగూళ్లు పోవాలి, పిల్లను చూసే దిక్కు లేదు. పిల్ల పేరు ఆరాధన. వయసు నాలుగు. శిబిరంలో ఆరేళ్లు నిండిన పిల్లలనే ఉంచుకుంటారు. ఆ పిల్లేమో ఎలీసమ్మ కొంగు పట్టుకుని వదల్లేదట. ఎలీసమ్మ కలం తీసి పుట్టిన సంవత్సరాన్ని రెండేళ్లు వెనక్కి రాసేసింది. తిండి, పక్క, చదువు అన్నీ దొరికాయి. మా ఊళ్లల్లో పుట్టిన తేదీ అడిగితే 'మిరపకు తెగులొచ్చిన ఏడు' అని చెప్పేవాళ్లు, ఆ రెండేళ్లనీ ఎవరు పట్టించుకుంటారు? శిబిరం నుంచి బడికి, బడి నుంచి ఆధార్‌కి, అక్కడి నుంచి పదో తరగతి మెమోకి అదే తేదీ పోయింది.

ఈ ఏప్రిల్‌లో ఒక ఫోనొచ్చింది. "నాకు పెళ్లి చేస్తున్నారండీ. నాకు పదహారు. ఇంటరైంది, నర్సింగు చదువుకోవాలండీ," అంది ఒక పిల్ల గొంతు. ఊరూ పేరూ రాసి ఎలీసమ్మకిచ్చాను.

"మన ఆరాధనే! దాని మొహం, నా చేతుల మీద పెరిగింది. మైనరైతే ఇష్టాయిష్టాలతో పని లేదు, పెళ్లి ఆపేయడమే," అని ధీమాగా బయల్దేరింది. నేనూ వెళ్లాను, ఎస్సై గారూ వచ్చారు. బుల్లయ్య ఏమీ గొడవ చేయలేదు. ప్లాస్టిక్ కవరులోంచి మెమో తీసి ఎస్సై చేతికిచ్చాడు.

"మార్చికే పద్దెనిమిది నిండిందిగా," అన్నాడు ఎస్సై.

ఎలీసమ్మ ఆ కాగితం తీసుకుని చూసింది. నా చెయ్యి పట్టుకుంది. "నజ్మీన్, ఆ తేదీ నేను రాసిందే," అంది.

ఎస్సై ఆరాధనను పిలిచి తండ్రి ముందే అడిగాడు. "ఈ పెళ్లి నీకిష్టమేనా అమ్మా?"

ఆ పిల్ల తండ్రి వంక చూసి, "ఇష్టమేనండీ," అంది.

తర్వాత దొడ్లో ఎలీసమ్మను పట్టుకుని ఏడ్చింది. "కాదంటే నాన్న పురుగుమందు తాగుతానంటున్నాడక్కా. డబ్బా మంచం కిందే పెట్టుకున్నాడు. నేనేం చెప్పను?"

పోనీ పిల్లల హోమ్‌లో పెడదామంటే, పద్దెనిమిది నిండితే తీసుకోరు. తేదీ మార్పించాలంటే కోర్టుకెళ్లాలి, నెలలు పడుతుంది. పెళ్లికేమో మూడు వారాలే ఉంది. తప్పు నాదేనని ఎలీసమ్మ మా అధికారికి కాగితం రాసిచ్చింది. ఆయన చదివి, "నీ ఉద్యోగం సంగతి తర్వాతమ్మా. ఇది పైకి పంపితే ఆ పిల్ల టెన్తూ ఇంటరూ తప్పుడు వయసని రద్దు చేస్తారేమో ఆలోచించావా?" అని సొరుగులో పెట్టుకున్నాడు. నాకైతే ఆ సొరుగు ఊడబెరకాలనిపించింది.

వాళ్ల చర్చిలో పెళ్లికి ముందు మూడు ఆదివారాలు ప్రకటన చదువుతారు. అభ్యంతరం ఉన్నవాళ్లు అప్పుడే చెప్పాలి. మూడో ఆదివారం ఎలీసమ్మతో నేనూ వెళ్లాను. చున్నీ తలమీద వేసుకుని వెనక కూర్చున్నాను. ఆడవాళ్లందరివీ ముసుగులే, నన్నెవరూ గుర్తుపట్టలేదు. చిలకలూరిపేట పత్తి జిన్నింగు మిల్లులో పనిచేసే మార్క్‌కీ, ఆరాధనకీ గురువారం పెళ్లని పాస్టరు గారు చదివారు.

ఎలీసమ్మ లేచి నిలబడింది. "అయ్యగారూ, ఆ పిల్లకి పదహారే. పద్దెనిమిదని రాసింది నేనే. శిబిరంలో చేర్చుకోవాలని తప్పు రాశాను."

చర్చి మొత్తం వెనక్కి తిరిగింది. బుల్లయ్య లేచాడు. "అప్పుడు అబద్ధమాడావా, ఇప్పుడు ఆడుతున్నావా అమ్మాయ్?" అని అరిచాడు. ఆ వెంటనే గొంతు తగ్గించాడు. "తల్లి పోయినప్పుడు పిల్లను ఎవరి చేతిలో పెట్టాలో తెలీక నీ దగ్గరికొచ్చా. ఇప్పుడూ అదే గతి. ఇంటికి సరైన తలుపు కూడా లేదు. నేను కోతలకెళ్తే ఎదిగిన పిల్లకి నువ్వు కాపలా ఉంటావా?"

"బాబాయ్..." అంది ఎలీసమ్మ. ఏం చెబుతుంది, ఉంటానని చెప్పగలదా?

"నువ్వు అబద్ధమాడవని నాకు తెలుసమ్మా," అన్నారు పాస్టరు గారు మెల్లగా. "కానీ సర్కారు ముద్ర ఉన్న కాగితాన్ని కాదనడానికి నేనెంతవాణ్ణి?" తర్వాత కీర్తన మొదలుపెట్టారు.

గురువారం మనసాగక ఇద్దరం పెందలాడే ఆఫీసుకొచ్చేశాం; పొద్దున్న ఏడింటికే ఫోను మోగింది. ఆరాధన. "అక్కకివ్వండి, తొందరగా," అంది. ఎలీసమ్మ అందుకుంది. "అక్కా, ఇష్టం లేదని అందరి ముందూ చెప్పేస్తాను. పోలీసుల్ని తీసుకుని వస్తావా?" ఆ గొంతు నాకూ వినబడింది.

ఎస్సైకి ఫోన్ చేస్తే, "మొన్న ఇష్టమేనంది కదమ్మా. బందోబస్తులో ఉన్నాను, మధ్యాహ్నం చూద్దాం," అన్నాడు. కాళ్లూ గడ్డాలూ పట్టుకున్నంత పని చేసింది ఎలీసమ్మ. చివరికి తొమ్మిదిన్నరకి నా స్కూటీ మీదే బయల్దేరాం. హైవే మీద లారీల మధ్య నేను ఎంత తోలినా, చేరేసరికి పదకొండయింది. పెళ్లయిపోయింది. షామియానా కింద భోజనాలు వడ్డిస్తున్నారు.

మార్క్ పక్కన తెల్లచీరలో ఉంది ఆరాధన. మమ్మల్ని చూసి లేచింది. తిడుతుందనుకున్నాను, తిట్టినా బాగుండేది. ఎలీసమ్మ చెయ్యి పట్టుకుని మొగుడి దగ్గరికి తీసుకెళ్లింది.

"మా అక్క. నన్ను బళ్లో వేసింది ఈమే," అంది.

అతను చేతులు జోడించాడు. బుల్లయ్య తానే రెండు కుర్చీలు తెచ్చి వేసి, "తినకుండా వెళ్లకమ్మాయ్," అన్నాడు. ఎలీసమ్మ కూర్చుంది. పళ్లెంలో పెట్టిందంతా కలుపుకుని ముద్ద ముద్దా తింది. నాకు మండిపోయింది.

"ఎట్లా దిగుతోందే నీకు ఆ కూడు?" అన్నాను చెవిలో.

ఎలీసమ్మ ఇంకో ముద్ద కలిపింది.

"అది ఇటే చూస్తోంది నజ్మీన్. నేను ఏడిస్తే అదీ ఏడుస్తుంది. నువ్వూ తిను."