మేకపిల్ల పడితే

పొద్దుట తొమ్మిదింటి నుంచి సాయంత్రం దాకా మా వదిన మేకపిల్ల. మిగతా టైములో మా అన్నయ్య భార్య.

వేళాకోళం కాదండీ. టీవీలో పిల్లలు చెవికోసుకునే బొమ్మల సీరియల్ ఒకటుంది చూడండి, కొండల మీద గెంతుతూ తిరిగే తెల్ల మేకపిల్లది. పద్నాలుగేళ్లుగా దాని గొంతు మా వదినదే. ఆవిడకి యాభై దాటాయి, మోకాళ్ల నొప్పులు, ముక్కు మీద నిలవని కళ్లజోడు. మేడ మీద వాళ్ల కాపురం, కింద గదిలో నా కుట్టుమిషను. ఇంట్లో ఆవిడ సాధన మొదలుపెట్టి, పైనుంచి "మ్మేహే! దమ్ముంటే పట్టుకో!" అని కేక వినిపిస్తే చాలు, కొలతలకొచ్చినవాళ్లు ఉలిక్కిపడేవాళ్లు. "ఏం లేదండీ, మా వదిన" అనేదాన్ని. అరిచినందుకు కూడా జీతమిస్తారా అని ఆవిడ్ని ఎన్నిసార్లు ఏడిపించానో! ఆడపడుచునన్నాక ఆమాత్రం హక్కు లేదా?

ఆ సీరియల్‌ని వీడియో గేమ్ చేస్తున్నారని కబురొచ్చేసరికి వదిన గొంతు బాగా పాడైపోయి ఉంది. పని చోట తప్ప ఎక్కడా నోరు విప్పొద్దన్నాడు డాక్టరు. దార్లో, గేటు దగ్గర మాట్లాడేందుకు మనిషి కావాలి కదా అని అన్నయ్య నన్ను తోడు పంపాడు. "మాట్లాడ్డంలో మా చెల్లిని మించినవాళ్లెవరు?" అని పైగా ఓ చురక. కారులో ఆవిడ చేతులు తిప్పడం, నేనేదో అర్థం చేసుకోవడం. కిటికీ ఎత్తమంటే డ్రైవరు చేత పాటలు ఆపించాను.

రికార్డింగు గది చిన్నది. గోడలన్నీ పరుపు పరిచినట్టు మెత్తగా ఉన్నాయి. మధ్యలో ఒక మైకు. అద్దానికి ఇవతల సౌండు చూసే అతను, గేమ్ తయారుచేసే అమ్మాయి, ఒక మూల కుర్చీలో నేను. చప్పుడు కాకుండా వదిన చెప్పులు విప్పేసి, వాచీ తీసేసి మైకు ముందు నిలబడింది. ఎదురుగా టీవీ ఖాళీగా ఉంది.

"బొమ్మ ఏదమ్మా?" అంది వదిన.

"గేమ్ కదా ఆంటీ, బొమ్మ ఉండదు. ఆడేవాళ్లు ఎప్పుడు ఏం చేస్తారో మనకి తెలీదు. మీరు విడివిడిగా అరుపులు ఇచ్చేస్తే చాలు. ముందు చిన్న గెంతు."

"ఎక్కణ్ణుంచి ఎక్కడికి?"

ఆ అమ్మాయి బిక్కమొహం వేసింది. ఎక్కడికైతే ఏం అనుకున్నాను నేను కూడా. వదిన మాత్రం వదల్లేదు. రాయి మీద నుంచి రాయి మీదికా? కింద నీళ్లున్నాయా? కాళ్లు తడిసి ఉన్నాయా? అన్నీ అడిగి తెలుసుకుని, ఆ నొప్పి మోకాళ్లు వంచి, ఉన్నచోటే గెంతింది. "హిప్!"

నేను కళ్లు మూసుకుని విన్నాను. ఒట్టు, అక్కడ మేకపిల్లే ఉంది. తడిరాయి మీద కాలు కాస్త జారింది కూడా. కళ్లు తెరిస్తే మా వదిన, ఎప్పుడూ నా సూదిడబ్బా అడిగి తీసుకెళ్లి తిరిగివ్వని మా వదిన. ఒకదానికొకటి పోలిక లేకుండా గంటల తరబడి గెంతుతూనే ఉంది. ఇన్నాళ్లూ నా నెత్తి మీద ఇంత పెద్ద విద్య నడుస్తుంటే నేను కాజాలు కుట్టుకుంటూ కూర్చున్నానా అనిపించింది. నోరెళ్లబెట్టుకుని చూశాను.

"సూపర్ ఆంటీ! ఇంక ఒకటే. లోయలో పడి చచ్చిపోయేది" అంది ఆ అమ్మాయి.

వదిన గెంతడం ఆపేసింది. "వాడు పడడు."

"సీరియల్లో పడడు ఆంటీ. గేమ్‌లో పడాలి. పడకపోతే ఇంక ఆటేముంది?"

"వాణ్ణి నేను పడెయ్యను."

ఎంత బతిమాలినా ఒకటే మాట. ఆ అమ్మాయి బయటికెళ్లి పైవాళ్లకి ఫోన్ చేసి, మొహం వేలాడేసుకుని వచ్చింది. ఆ అరుపు సాయంత్రంలోగా ఇవ్వకపోతే గేమ్ మొత్తానికీ వేరే గొంతు తీసుకుంటారట. గేమ్‌లో ఒక గొంతు, టీవీలో ఒక గొంతు ఉంటే బాగోదు కాబట్టి సీరియల్‌కీ ఇకపై ఆ కొత్త గొంతేనట. అంటే మేకపిల్ల ఇంక మా వదినది కాదు.

నాకు ముక్కు మీదే కోపం. తలుపు తోసుకుని లోపలికెళ్లాను. "ఒక్క అరుపు అరిచేస్తే పోలా? పద్నాలుగేళ్లు పెంచుకున్నదాన్ని పట్టుదలకి పోయి ఎవరికో అప్పగిస్తావా?"

"సరే, విను" అంది. కళ్లజోడు తీసి నా చేతికిచ్చి, ఊపిరి పీల్చుకుని, పడింది.

అంటే నిలబడే ఉంది లెండి. కానీ ఆ గొంతు కొండ అంచు నుంచి జారి, అమ్మని పిలుస్తూ, దూరమై దూరమై ఆగిపోయింది. సౌండు అతను చెవులకున్నది పీకేశాడు. ఆ అమ్మాయి కళ్లలో నీళ్లు. "వద్దాంటీ, ఇది పెట్టలేం" అంది.

"మరదే నేను చెప్పేది" అంది వదిన. "టీవీలో ఏం జరిగినా పిల్లల తప్పు కాదు. ఇక్కడ మీట నొక్కేది వాళ్లే. ఈ కేక వింటే 'నేనే చంపేశాను' అనుకుంటుంది పసిది. పోనీ నవ్వుతూ పడ్డాడనుకో, సరదా కోసం పదేపదే తోసేస్తారు. ఏం చెయ్యమంటావు?"

ఆ అమ్మాయి చేతిలోని జాబితాలో 'లోయ' అన్న మాట చుట్టూ పెన్నుతో గీతలు గీసింది.

"ఏదీ, ఆ ఆట నాకొకసారి ఇవ్వు" అంది వదిన.

ఆ ఖాళీ టీవీలోనే సగం తయారైన ఆట పెట్టి రిమోటు ఇచ్చారు. అది పట్టుకోవడం కూడా రాదు ఆవిడకి. మేకపిల్ల రెండు రాళ్లు దాటి మూడో దాని దగ్గర లోయలో పడింది, చప్పుడు లేకుండా. తెర నల్లబడింది. కాసేపటికి మళ్లీ మొదటి రాయి మీద నిలబడి ఉంది. మళ్లీ పడేసింది. మళ్లీ తెర నలుపు. పడేసినప్పుడల్లా ఆవిడ మొహం ముడుచుకుపోతోంది. మాకు విసుగు పుట్టేదాకా ఆడింది.

"ఈ చీకట్లో ఏముంటుంది?"

"ఏం ఉండదాంటీ. వెనక ఆట మళ్లీ లోడవుతుంటుంది."

"పసిపిల్లలు నడుస్తూ పడ్డప్పుడు చూశావా? వెంటనే ఏడవరు. ముందు మన మొహం చూస్తారు. మనం హడలిపోతే ఏడుస్తారు. మనం మామూలుగా ఉంటే లేచిపోతారు. ఈ చీకట్లో చూసుకోవడానికి వాళ్లకి ఏ మొహమూ లేదు" అంటూ మైకు దగ్గరికి నడిచింది. "నేనిస్తాను. ఇక్కడ పెట్టు."

ఈసారి కేక చిన్నదే. "మ్మే..." అని జారింది, భయం ఉంది, దాచలేదు. ఆగింది. ఎంతసేపు ఆగిందో, ఇంక లేవదేమో అనుకున్నాను. అప్పుడు, ఎక్కడో కిందనుంచి, దుమ్ము దులుపుకుంటూ, మనతోనే అన్నట్టు, "ఊఁ... పద!"

అంతే.

సౌండు అతను దాన్ని ఆటలో అతికించాడు. ఆ అమ్మాయి కావాలని మేకపిల్లని తోసేసింది. తెర నల్లబడింది. ఆ చీకట్లోంచి "ఊఁ... పద!" అని వచ్చింది. బొమ్మ ఇంకా రానేలేదు, ఆ అమ్మాయి బొటనవేలు అప్పుడే గెంతు మీటని నొక్కేసింది. తన వేలిని తనే వింతగా చూసుకుంది. ఇదే పనిగా రోజంతా ఆటలు తయారుచేసే మనిషి! ఫోన్ తీసి పైవాళ్లకి వినిపించింది. అవతలివాళ్లు మళ్లీ రెండుసార్లు వినిపించమన్నారు. తర్వాత ఇంకో గొంతు అక్కర్లేదన్నారు.

నేను ఎగిరి గంతేశాను. "చూశావా వదినా! మేకపిల్ల నీదే!"

వదిన కుర్చీలో కూలబడింది. "ఇన్నేళ్లూ వాణ్ణి కింద పడనివ్వలేదే. ఇవాళ నా నోటితో నేనే పడేశాను" అంది. గెలిచిన మనిషి అనే మాటేనా అది? నాకు దుఃఖం ముంచుకొచ్చింది. ఏదో ఒకటి అందామంటే, ఊళ్లో అందరికీ మాటలు అప్పిచ్చే నాకు ఒక్క మాటా దొరకలేదు.

చెప్పులు వేసుకోబోయింది. పొద్దుటి నుంచి గెంతి గెంతి పాదాలు బూరెల్లా పొంగిపోయాయి, వంగడానికి మోకాళ్లు ఒప్పుకోవడం లేదు. నేను నేల మీద కూర్చుని ఆవిడ పాదం నా ఒళ్లోకి తీసుకున్నాను. రెండు చేతులతో పట్టుకున్నాను. తల దానంతటదే వంగింది.

"ఏయ్, ఏంటిది? లే, ఎవరైనా చూస్తే!" అని వదిన కంగారుపడింది.

"చెప్పు పట్టీ బిగిస్తున్నాను, కదలకు" అన్నాను.