రాజన్న కోసం మళ్లీ మొలిచిన జుట్టు

ఒంట్లో ఒక భాగం పేరు పలకడానికి సిగ్గుపడి ప్రాణాన్నే పణంగా పెట్టడం మర్యాద అనిపించుకుంటుందా? మొన్న వేములవాడ కల్యాణకట్టలో కత్తి కింద తల వంచి కూర్చున్నప్పుడు, కళాశాల చర్చాపోటీల్లో ఎన్నడూ అడగని ఈ ప్రశ్న నా మనసులో మెదిలింది.

మా బాపు శ్రీరాంపూర్ బొగ్గుబావిలో పనిచేస్తున్న రోజుల్లో నాకు వృషణ క్యాన్సర్ వచ్చింది; గడ్డ చేతికి తగిలినా సిగ్గుతో నెలల తరబడి ఎవరికీ చెప్పలేదు. ఆపరేషన్, కీమో అయ్యాక తగ్గిందనుకుని, మళ్లీ పెరిగిన నా జుట్టును వేములవాడ రాజన్న స్వామికిస్తానని నన్ను కన్న అవ్వ మొక్కుకుంది. బయలుదేరేలోపే వ్యాధి తిరగబెట్టింది. హైదరాబాదు ఆసుపత్రిలో తీవ్రమైన మందులకు ఆ జుట్టంతా దిండు మీద రాలుతుంటే, అవ్వ ఏరి కొంగున కట్టుకుంది. గదిలో ఉంచకూడదని నర్సు వారించింది.

“రాజన్న సొమ్మమ్మా, ఊడ్చి పారేస్తరా?” అంది అవ్వ.

“రాజన్నకేం తొందర లేదే,” అన్నాడు బాపు. “పోరడు బతికొస్తే మల్ల మొలుస్తయ్ తియ్.”

ఆ బతకడమే సందేహంగా ఉండేది. వ్యాధితోపాటు ఎముకల్లోని మూలుగను కూడా ఎండగట్టే మందులవి; అందుకే ముందుగానే నా రక్తం నుంచి మూలకణాలను యంత్రంతో వేరుచేసి గడ్డకట్టించి దాచారు. అవి తిరిగి నాటుకోకపోతే నాకిక రక్తం ఊరదు. చివరికి ఒక చిన్న సంచిలో వాటిని తెచ్చి నా నరంలోకి ఎక్కిస్తుంటే గదంతా ఘాటైన వాసన కమ్మింది.

“ఎవలు నూరుతుండ్రు గీడ ఎల్లిపాయ కారం?” అని అవ్వ మాస్కులోంచే గద్దించింది. ఆ వెల్లుల్లి ఘాటు కణాలను దాచిన మందుదేననీ, నా ఊపిరిలోంచే వస్తోందనీ చెప్పి నర్సు నవ్వింది.

నోరంతా పుండ్లై గుక్కెడు నీళ్లు దిగని రోజులు గడిచాక, ఒక ఉదయం రక్తంలో మళ్లీ తెల్లకణాలు కనిపిస్తున్నాయని డాక్టరు చెప్పారు. చేతినరంలోంచి బయలుదేరిన కణాలు వాటంతటవే ఎముకల్లోకి చేరి కాపురం పెట్టాయట! బాపు నా చేతినరాన్ని వేలితో తడిమి చూశాడు.

“బావిల దిగెటోనికి నెత్తి మీద దీపముంటది. గీటికి తొవ్వ ఎవలు చూపిచ్చిండ్రు రా?”

 

జుట్టు రింగులు తిరిగి మొలిచింది. మొన్న అది రాజన్నకు చేరింది. ఒకప్పుడు ఇరుగుపొరుగుకు కడుపులో గడ్డ అని మాత్రమే చెప్పిన అవ్వ, పక్కన కూర్చున్న అపరిచితురాలికి నా జబ్బును పేరుపెట్టి చెప్పింది. ఆ సిగ్గు ఎప్పుడు రాలిపోయిందో నేను గమనించనే లేదు. అది మా ఇంట్లో ముందే రాలి ఉంటే బాగుండేది. మీ ఇంట్లోనైనా ఆలస్యం చేయకండి: వృషణంలో గడ్డ తగిలితే, నొప్పి లేకపోయినా, వెంటనే డాక్టరుకు చూపించుకొమ్మని మీ పిల్లలకు ఈ రోజే చెప్పండి.