దుర్యోధనుడి పక్కన

మెట్రో కోసం మా వీధి తవ్వుతున్నారు. తడి బంకమన్ను వాసన మూడో అంతస్తుదాకా వచ్చింది. అపార్ట్‌మెంట్ వాళ్ళకది కంపు. నాకు మాత్రం దుర్యోధనుడి వాసన.

నా చిన్నప్పుడు చింతాద్రిపేటలో ద్రౌపదమ్మ తిరునాళ్ళ చివరి రోజున భారతయుద్ధం ఆడేవారు. నేలమీద తడిమట్టితో పడుకున్న దుర్యోధనుడి పెద్ద బొమ్మ చేసి, దాని చుట్టూ భీముడి వేషగాడూ దుర్యోధనుడి వేషగాడూ గదలతో తరుముకునేవారు. గద తగిలినప్పుడల్లా నేను గంతులేసేదాన్ని. ఆ ఏడు భీముడు దుర్యోధనుడి తొడమీద కొట్టగానే అందరూ ఈలలు వేశారు. నేను ఊరుకుంటానా?

"అది దొంగాట! నడుం కింద కొట్టగూడదు!"

"అట్లయితే ఆ కౌరవుల కాడికే పో మే!" అని పక్కింటి పిల్లలు దూరం జరిగారు.

జనమంతా శపథం తీరిన ద్రౌపది కొప్పు ముడవడం చూడ్డానికి అటు మళ్ళారు. దుర్యోధన వేషగాడు ఒక్కడే మట్టిలో పడి ఉన్నాడు. నిజంగానే దెబ్బ తగిలిందనుకుని పక్కన చతికిలబడ్డాను.

"మామా, నొప్పిగా ఉండాదా?"

ఆయన కళ్ళు తెరవకుండానే గొణిగాడు. "నేను సచ్చిపోయినా పాపా. అమ్మోరు కొప్పేసేదాకా లేవగూడదు. ఆడికి పో, మీవోళ్ళుంటారు."

"ఆడ నాకెవురూ లేరు."

ఆయన ఒక కన్ను ఓరగా తెరిచాడు. "సరే, ఈడే కూర్చో. ఈగలు తోలు."

తోలాను. పాపం, ఆయనకు తోడున్నానని ఇంటికెళ్ళి అవ్వతో గొప్పలు కూడా చెప్పాను. తోడు కావలసింది ఆయనకు కాదని అప్పుడు తెలీలేదు.

ఇందాక ఈ వాసన కంపు కాదని అపార్ట్‌మెంట్ వాళ్ళందరితో వాదించి గెలిచాను. ఎవరిళ్ళకు వాళ్ళు వెళ్ళిపోయారు. తోలడానికి ఈగలు కూడా లేవు.