అడవి వైపు తిరిగిన పలకరాయి

నేను దయ్యాల్ని నమ్మను. ఇది రాయకముందూ నమ్మలేదు, రాశాకా నమ్మబోను. పక్క వీధిలో ఎవరికో గాలి సోకిందంటే ముందు ఆసుపత్రికి తీసుకుపోండయ్యా అని తిట్టే రకాన్ని. అయినా ఈ ఒక్క సంగతి మాత్రం నాకు ఇప్పటికీ కొరుకుడు పడలేదు.

మాది మార్కాపురం. పలకరాయి పని. బళ్లలో పలకల వాడకం తగ్గిపోయాక మా నాయన శిలాఫలకాలు చెక్కి మమ్మల్ని సాకాడు. ఈ రాళ్ల పని వచ్చేనాటికే ఆయనకు చూపు మందగించింది, ఉలి పట్టు తప్పుతోంది.

గిద్దలూరు నుంచి నంద్యాల పోయే ఘాట్ రోడ్డు పక్కన చరిత్ర రాళ్లు పెట్టే పని ఒక కాంట్రాక్టరు మాకు ఇచ్చాడు. తెల్లదొరలు మొదట్లో గుడారాలు వేసుకుని, తర్వాత బంగళాలు కట్టుకుని మకాం ఉన్న చోట్లన్నిటా ఒక్కో రాయి. కార్లలో పోయేవాళ్లు ఆపి చదువుకోవాలన్నమాట. మిగతావన్నీ నేను మిషన్ మీద చెక్కాను. పాత విడిది బంగళా మలుపులో పెట్టే రాయి మాత్రం నాయన చేత్తోనే చెక్కుతానని పట్టుబట్టాడు.

"రేయ్ పెద్దోడా, ఇదే నా ఆఖరి రాయి. ఇన్నాళ్లు పిల్లోళ్లు చెరిపేసే పలకలు, ఎవురూ చదవని ఫలకాలు చేసినా. ఇదన్నా నిలబడి నలుగురు చదవాల" అన్నాడు.

ఆ రాయి మీద దొరల మకాం గురించి, వాళ్లు వేయించిన దారి గురించి ఉంది. ఆ దారి వేస్తూ జ్వరాలొచ్చి చనిపోయిన కూలీల గురించి చివర్లో ఒకే ఒక్క వాక్యం.

రాయి నిలబెట్టే చోట ఒక రాళ్ల కుప్ప ఉంది. దాని మీద ఎండుకొమ్మలు. రాయి కనపడితే చాలు, ఎక్కడ వాడుకుందామా అని చూసే బుద్ధి మా వాళ్లది. కంకర తెచ్చే పని తప్పిందని నాయనే సంబరపడ్డాడు. కుప్పంతా పునాది గుంతలోకి తోసి సిమెంటు పోశాం.

కొన్నాళ్లకు చూడబోతే రాయి అడవి వైపు తిరిగి ఉంది. అక్షరాలు చెట్లకు, బోడి వీపు రోడ్డుకు. తాగుబోతుల పని అనుకుని నోటికొచ్చినట్టు తిట్టాను. నలుగురు పడితే గానీ లేవని రాయి అది. సిమెంటు పగలగొట్టి, తిప్పి, మళ్లీ పోశాం.

మళ్లీ తిరిగింది. ఈసారి నాయన కూడా వచ్చాడు. నేను వంగి జాగ్రత్తగా చూశాను. సిమెంటులో బీట లేదు. పలకరాయి అంచుకు గునపం తగిలిందంటే పొర లేచిపోతుంది. అంచు ఎక్కడా చెదరలేదు. పుట్టినప్పటి నుంచి ఈ రాయితోనే బతుకుతున్నవాణ్ణి, ఇందులో నేను పొరపడను.

అప్పుడే కుంకుడుకాయల మూటతో గూడెం అవ్వ ఒకామె అటుగా వచ్చి ఆగింది. "ఈడ కుప్ప ఉండాల, ఏం జేసినారన్నా?" అని నాయన్ని అడిగింది. నాయన పునాది వైపు చూపించాడు.

"దారి ఏసేటప్పుడు సచ్చిపోయినోళ్ల కుప్ప గదా అది! పోయేటోళ్లం తలా ఒక రాయో పచ్చికొమ్మో ఏసి పోతాం. అట్ల పూడ్సిపెడితే ఎట్ల?" అంది.

నాయన ముఖం మాడిపోయింది. ఆ రోజంతా కూర్చుని, పునాది పగలగొట్టి రాళ్లు బయటికి తీసి, అంటిన సిమెంటును ఉలితో గీకి గీకి, అక్షరాల ముందు అడవి వైపున మళ్లీ కుప్ప వేశాడు. దాని మీద పచ్చికొమ్మ పెట్టాడు. నేను చరిత్ర రాయిని రోడ్డు వైపు తిప్పబోతే చేయి పట్టుకుని ఆపాడు.

"వద్దురా. అది ఎటు తిరిగిందో అటే పెట్టు."

నాకు ఒళ్లు మండింది. "రోడ్డున పోయేటోళ్లకు బోడి వీపు కనపడాల్నా? నీ ఆఖరి రాయి ఇంకెవురు చదువుతారు నాయనా?" అని అరిచాను. ఆయన వంగి, రాయి తిరిగిన వైపే ఉండేట్టు పునాదిలో కొత్త కంకర, సిమెంటు పోయడం మొదలుపెట్టాడు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో కిటికీ వైపు ముఖం పెట్టుకుని కూర్చున్నాడు. అలా అన్నందుకు తర్వాత చాలా బాధపడ్డాను. కాంట్రాక్టరు చిటపటలాడాడు గానీ, మళ్లీ పగలగొట్టించే ఓపిక ఆయనకూ లేకపోయింది.

ఆ తర్వాత రాయి కదల్లేదు.

మొన్న ఎండాకాలం నాయన అడిగితే అక్కడికి తీసుకుపోయాను. ఇప్పుడాయనకు వెలుతురు తప్ప ఏమీ ఆనదు. దారి పొడుగునా మేం పెట్టిన రాళ్లన్నీ లారీల దుమ్ము పట్టి, గోటితో గీకితే గానీ చదవడానికి లేవు. మలుపులో రాయి వెనక్కి పోయి చూసి అక్కడే నిలబడిపోయాను. అక్షరాల మీద దుమ్ము లేదు. బళ్లో పిల్లలు తడిచేత్తో పలక తుడుచుకున్నట్టు నల్లగా మెరుస్తోంది.

నాయన్ని అక్కడే ఉండమని గూడేనికి పోయి అడిగాను. రాయీ కొమ్మా వేయడమే తమకు తెలుసు, తుడిచే అలవాటు లేదన్నారు. నడి మధ్యాహ్నం, తడి చేద్దామన్నా దగ్గర్లో వాగు కూడా ఎండిపోయింది.

తిరిగి వచ్చేసరికి నాయన కుప్ప పక్కన కూర్చుని, అక్షరాలను వేళ్లతో ఒక్కొక్కటిగా తడుముతున్నాడు. చివరి వాక్యం దగ్గర చేయి ఆపి, నా చేయి లాగి అక్కడ పెట్టాడు. కూలీల గురించిన ఆ ఒక్క వరసా తడిగా ఉంది.

"వాళ్లు చదువుతున్నార్రా" అన్నాడు. ఆయన ముఖంలో అంత సంతోషం నేనెన్నడూ చూడలేదు.

నేను లేచి, ఒక పచ్చికొమ్మ విరుచుకొచ్చి కుప్ప మీద వేశాను.