పేరు తప్పనిసరి

ఇది మొదలైనది 2023 జనవరి 19వ తేదీ, ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు. సమయం ఇంత కచ్చితంగా చెప్పగలుగుతున్నానంటే, ఆ నిమిషంలో నేను పంపిన ఈమెయిలు ఇంకా నా దగ్గర ఉంది. అందులో ఉన్నది ఒకే వాక్యం: ‘శ్రోత పేరు, ఊరు తప్పనిసరిగా ఉండవలెను.’

అప్పటికి నేను గుంటూరుకు పడమటి వైపున్న ఒక చిన్న సామాజిక రేడియో కేంద్రంలో కార్యక్రమాల సమన్వయకర్తను. ఒక రైతు సంఘం దాన్ని నడిపేది. రెండు గదులు, డాబా మీద ఒక టవరు. మా ప్రసారం చుట్టుపక్కల ఊళ్లను దాటి పోయేది కాదు. ఆ ఊళ్లలోనూ వినేవాళ్లు తగ్గిపోతున్నారు. పాత రేడియో సెట్లు పాడైతే బాగుచేసేవాడు లేడు. కొత్త ఫోన్లలో చాలావాటికి ఎఫ్.ఎం. రాదు. ఇదివరకు సంచీ నిండా వచ్చే ఉత్తరాలు వారానికి నాలుగైదుకు వచ్చాయి. అందుకే సంఘం వాళ్లు మాకంటూ ఒక యాప్ చేయించాలని తీర్మానించి, ఆ బాధ్యత నాకు అప్పగించారు. మా వంశంలో మొదటి పట్టభద్రురాలిని నేనే. ఆ పనిని పరీక్షకు చదివినంత శ్రద్ధగా చేశాను.

యాప్ తయారుచేసిన అతను గుంటూరులో ఒక చిన్న ఆఫీసు పెట్టుకున్న ఇంజినీరు. శ్రోతలు తమ ప్రశ్నను సొంత గొంతుతో రికార్డు చేసి పంపే ఏర్పాటు చేశాడు. ఆ ప్రశ్న, దానికి జవాబు ప్రసారమయ్యాక యాప్‌లోనే ఉండిపోతాయి. ఎవరికి కావలసినప్పుడు వాళ్లు వినవచ్చు, ఇంకొకరికి పంపవచ్చు. నమూనా చూపించిన రోజున అతను అడిగాడు.

“మేడమ్, పేరు కంపల్సరీ చేయమంటారా, ఆప్షనల్ వదిలేయమంటారా?”

మా దగ్గర పద్నాలుగేళ్లుగా రైతుల కార్యక్రమం చేస్తున్న అనౌన్సరు పక్కనే ఉన్నారు. ఊళ్లలో అందరూ ఆవిడను ‘రేడియో అక్కయ్య’ అనేవారు. నేనూ అక్కయ్యగారనే పిలిచేదాన్ని.

“వదిలేయండి నాయనా,” అన్నారావిడ. “పేరు రాయని ఉత్తరాలు నాకు ఎన్నొచ్చేవో! కొందరు పేరు రాసి, ‘పేరు చదవొద్దక్కయ్యా’ అని కింద గీత గీసేవాళ్లు. అవి వేరే పెట్టి, ‘ఒక శ్రోత అడుగుతున్నారు’ అని నా మాటల్లో చెప్పేదాన్ని.”

“ఇప్పుడు మీరు చెప్పక్కర్లేదండీ, వాళ్ల గొంతే వస్తుంది,” అన్నాడతను. “మా యాప్‌లోకి రావాలంటే దేవుడైనా పేరు కొట్టాల్సిందే.”

“అయితే మీ దేవుడు ఉత్తరమే రాసుకుంటాడ్లే,” అన్నారావిడ.

ముగ్గురం నవ్వాము. నవ్విన తర్వాత ఆలోచించుకుని ఆ ఈమెయిలు పంపింది నేను.

నా కారణం నాకుంది. మా నాన్న నలభై ఏళ్లుగా కౌలు రైతు. పత్తి వేసినా మిరప వేసినా, పాసు పుస్తకం ఇంకొకరిది. మార్కెట్ యార్డులో పంట అమ్మిన చీటీ భూమి ఆసామి పేరుతోనే వచ్చేది. నా డిగ్రీ పట్టాలో తండ్రి పేరు ఉన్న వరుసను ఆయన నా చేత రెండుసార్లు చదివించుకున్నారు. తన పేరు అచ్చులో ఉందని ఆయన నమ్మడానికి అంత సమయం పట్టింది. రేడియోలో ఊరూ పేరూ చదివితే మనుషులు ఎలా పొంగిపోతారో నేను చిన్నప్పటి నుంచి చూశాను. పేరు లేకుండా ఎవరూ మిగిలిపోకూడదనుకున్నాను. పేరూ గొంతూ ప్రసారం చేయడానికి శ్రోత అంగీకరిస్తున్నట్టు ఒక సమ్మతి పత్రం కూడా నేనే రాశాను. శుద్ధమైన భాషలో, ఒక్క తప్పు లేకుండా, నాలుగు పేరాలు. ‘సమ్మతమే’ అన్న చోట నొక్కితేనే తర్వాతి మెట్టు వస్తుంది. ఆ నాలుగు పేరాలను ఎవరైనా చదువుతారా అని నన్ను నేను అడగలేదు.

ఫిబ్రవరిలో యాప్ వచ్చింది. మొదటి నెల బాగానే నడిచింది. మిరపకోతల మధ్య అన్నాలవేళకు ఫోన్లు తీసి మనుషులు ప్రశ్నలు పంపేవారు. పేరు చదవగానే ‘విన్నామండీ, మా ఊరంతా విన్నారు’ అని మళ్లీ కబురు పంపేవారు. సంఘం సమావేశంలో నన్ను మెచ్చుకున్నారు.

మార్చి మొదటి వారంలో అక్కయ్యగారు మోకాలి నొప్పికి వైద్యం కోసం కనిగిరిలో ఉన్న కూతురి దగ్గరికి వెళ్లారు. కార్యక్రమం నేను చేశాను. జవాబులు చెప్పడానికి వ్యవసాయ శాఖలో పదవీ విరమణ చేసిన ఒక అధికారి వచ్చారు. రెండో ప్రశ్న పిడుగురాళ్ల వైపు ఊరి నుంచి వచ్చింది. నేను పేరూ ఊరూ గౌరవంగా, స్పష్టంగా చదివి, అతని గొంతు వినిపించాను.

“నమస్కారమండీ. నేను ఐదెకరాలు కౌలుకి చేస్తన్నానండీ. తామర పురుగొచ్చి మిరప పూతంతా పోయింది. నష్టపరిహారం రాస్తన్నారంట గానీ, అది ఆసామి పేరునే పడిద్దంట. కౌలు కార్డుంటే మాకే వచ్చిద్దని చెప్తన్నారు. ఆసామి సంతకం పెట్టనంటే కార్డుకి ఇంకో దారేమన్నా ఉందాండీ?”

అధికారి ఓపికగా చెప్పారు. యజమాని సంతకం లేనిదే కార్డు రావడం కష్టమని, నయాన ఒప్పించుకోవడమే మార్గమని, సంతకం పెట్టినంత మాత్రాన భూమి హక్కు ఎక్కడికీ పోదని. మంచి జవాబు. కార్యక్రమం అయ్యాక నేను కూడా అదే మాట ఆయనతో అన్నాను.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి మా నాన్న అరుగు మీద కూర్చుని ఉన్నారు. విన్నారా అని అడిగాను.

“విన్నా,” అన్నారు. “వాడి పేరెందుకు చెప్పావే?”

“అందరి పేర్లూ చెప్తాం నాన్నా.”

“అందరూ పురుగుమందు గురించి అడుగుతారు. వాడు సంతకం గురించి అడిగాడు.”

నాకు అప్పుడు అర్థమైంది. కౌలు మాట కాగితం మీదికి రాకూడదన్నది మా వైపు ప్రతి ఇంటికీ తెలిసిన కట్టుబాటు. రాస్తే భూమి పోతుందని ఆసామికి భయం. అడిగితే కౌలు పోతుందని రైతుకు భయం. కౌలు రైతు ఇంట్లో పుట్టి పెరిగిన నేను దాన్ని మర్చిపోయాను. మర్నాడు పొద్దున్నే వెళ్లి ఆ ప్రశ్నను యాప్‌లోంచి తీసివేయించాను. కానీ అప్పటికే దాన్ని ఎవరో ఊరి వాట్సాప్ గ్రూపులోకి పంపారు. రేడియోలో అన్న మాట గాలిలో కలిసిపోయేది. ఈ మాట ఫోను నుంచి ఫోనుకు పోయి, గుంటూరులో ఉంటున్న ఆ భూమి యజమానికి చేరింది.

నాలుగో రోజు ఆ ప్రశ్న అడిగిన రైతు మా కేంద్రానికి వచ్చాడు. నలభై ఐదేళ్లుంటాయి. చెప్పులు బయటే విప్పి, గుమ్మంలో నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

“అక్కయ్యగారు లేరాండీ?”

“లేరండీ. ఆ రోజు మాట్లాడింది నేనే.”

“ఆవిడే ఉంటదనుకున్నానమ్మా. ఆవిడకి చెప్తే చాలు, ఎవరికీ తెలియకుండా అడుగుద్దని ధైర్యం. నా గొంతే ఏస్తారని తెలవదు. మా అమ్మాయి నొక్కమన్న కాడల్లా నొక్కింది.”

“సమ్మతి పత్రంలో…” అని మొదలుపెట్టి ఆగిపోయాను.

“ఆసామి ఫోన్ చేశాడు. ‘ఏరా, రేడియోకెక్కావంట! సంతకం పెట్టనోణ్ణి నేనేనని ఊరందరికీ చెప్పావంట!’ అన్నాడు. నేను కాదన్నాను. ‘నీ గొంతు నాకు తెలవదంటరా?’ అన్నాడు. ఉగాదికి కౌలు మాటలవుతాయమ్మా. పదకొండేళ్ల నుంచి ఆ చేను నేనే చేస్తన్నా. మీరొక్క మాట చెప్తారా ఆయనకి? వీడేదో తెలవక అడిగాడని?”

చెప్తానన్నాను. అక్కయ్యగారికి ఫోన్ చేశాను. ఆవిడ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. మర్నాడే మోకాలికి పట్టీ కట్టుకుని బస్సులో దిగారు. ఇద్దరం కలిసి గుంటూరు వెళ్లాము.

ఆ భూమి యజమాని ఉద్యోగ విరమణ చేసిన అధ్యాపకుడు. మర్యాదస్తుడు. మమ్మల్ని లోపల కూర్చోబెట్టి కాఫీ ఇప్పించారు. అక్కయ్యగారి కార్యక్రమం తమ తల్లిగారు వినేవారని చెప్పారు. తప్పంతా నాదేనని, పేరు చదవకుండా ఉండవలసిందని, అతను ఆయన గురించి ఒక్క చెడ్డ మాట అనలేదని నేను చెప్పాను.

“మీ తప్పేముందమ్మా, మీ ఉద్యోగం మీరు చేశారు,” అన్నారాయన. “వాడి మీదా నాకు కోపం లేదు. కష్టపడే మనిషి. కానీ ఈరోజు సంతకం అడిగినవాడు రేపు చేను అడగడని ఏంటి గ్యారంటీ?”

“చట్టంలో అలా లేదండీ. అధికారి కూడా చెప్పారు…”

“చట్టం నాకూ తెలుసమ్మా. చదువుకున్నవాణ్ణే.”

“పదకొండేళ్లు చేశాడు బాబూ,” అన్నారు అక్కయ్యగారు. “ఇంకొక్క ఏడాది చూడండి. రేడియో మాట ఊళ్లో నాలుగు రోజులే ఉంటుంది.”

“పదకొండేళ్లు చేశాడనే కదండీ భయం,” అన్నారాయన. ఆ మాటను ఆయన చాలా మెల్లగా అన్నారు. తర్వాత కాఫీలో పంచదార సరిపోయిందా అని అడిగారు.

బయటికి వచ్చాక అక్కయ్యగారు ఆటో కోసం చెయ్యెత్తుతూ, “నేనూ ఆ రోజు గట్టిగా చెప్పి ఉండాల్సిందమ్మా. నవ్వేసి ఊరుకున్నాను,” అన్నారు. ఆ కౌలు రైతుకు సాయంత్రం ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పాను. అతను అంతా విని, “మీరు ఎళ్లారు, అదే చాలమ్మా,” అని పెట్టేశాడు. ఆ మాటకన్నా తిట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది.

ఉగాది తర్వాత ఆ ఐదెకరాలు వేరే వాళ్లకు కౌలుకు వెళ్లాయి. ఆ ఊళ్లో మరెవరూ అతనికి చేను ఇవ్వలేదు. భార్యాభర్తలిద్దరూ పిడుగురాళ్లలో సున్నపు బట్టీ పనికి కుదిరారు. యాప్‌లో ఇప్పుడు పేరు రాయడం ఐచ్ఛికం. ప్రశ్నను అక్కయ్యగారు విన్న తర్వాత తన మాటల్లో చెబుతారు. ప్రసారమైనది యాప్‌లో నిలవ ఉండదు. వారానికి వచ్చే ప్రశ్నలు సగానికి తగ్గాయి. కౌలు గురించి ఆ తర్వాత ఒక్క ప్రశ్న కూడా రాలేదు.