రాజు వెనక ఈటె పట్టుకునేవాడు

శివరాత్రి పోయిన మూడో రోజు, శుక్రవారం, పొద్దున పది గంటలు. సంవత్సరం 1978. అంచెట్టి బస్సు అప్పుడే మా ఊరి మలుపులో హారన్ కొట్టి పోయింది, అందుకే గంట గుర్తుంది. ఆ గంటలో నేను చేసిన పని రాస్తున్నాను. నలభై దాటాక అక్షరాలు నేర్చినవాణ్ణి, నా రాతలో సొగసు వెతకవద్దు.

డెంకణికోట అవతల మా ఊళ్లో అప్పట్లో రెండేళ్లకోసారి వీధినాటకం ఆడేవాళ్లం. నేర్పడానికి క్రిష్ణగిరి వైపు నుంచి ఒక వాద్యారు వచ్చి నాలుగు నెలలు ఉండేవాడు. రాగుల కళ్లం పక్కన పాకే మా బడి. మొదటి వారం ఆయన మనుషుల్ని ఎడ్లసంతలో చూసినట్టు చూసేవాడు. ఛాతీ, పిక్కలు, గొంతు. సన్న నడుమున్నవాడికి ఆడవేషం. వాడు నెలంతా బిందె చంకన పెట్టుకుని నడక నేర్వాలి. నోటి దురుసున్నవాడు హాస్యగాడు. తిట్లే వాడి పాఠం. రాజు, మంత్రి మాత్రం చదువొచ్చినవాళ్లకే, పద్యాలు నోటుపుస్తకంలో రాసుకుని బట్టీ పెట్టాలి కాబట్టి. నాలాంటి పశువుల కాపరికి కావలివాడి వేషం. ఈటె పట్టుకుని రాజు వెనక నిలబడటమే పని. కాలికి గజ్జె కట్టే రోజు దాకా వేషం మారవచ్చు. కట్టాక, బతికినంతకాలం అదే.

రాజు వేషం నేర్చుకుంటున్నది మా మేనమామ కొడుకు. నాకంటే ఏడాది చిన్న. ముందు ఆ వేషం వాళ్ల నాయనది. ఆయన కిందటేడు పోయాడు. అద్దం బిళ్ళలు అంటించిన ఆయన కిరీటాన్ని అత్త పాత చీరలో చుట్టి అటక మీద దాచింది. దాన్ని కొడుకు తలమీద చూడాలని ఆమె ఆశ. వాడి ఆశ కూడా అంతే.

వాడికి మరుపు భయం. అందుకని పశువులు మేసే చోటికి నోటుపుస్తకం తెచ్చి తన పద్యాలన్నీ నాకు చదివి నేర్పాడు.

"బావా, నువ్వు నా వీపు వెనకాలే కదా నిలబడేది. నేను మరిస్తే మెల్లిగా అందియ్యల్ల."

"అందిస్తే నాకేమిస్తావురా, రాజా?"

"ఇంకో ఈటె ఇస్తాలే, పో."

ఆ శుక్రవారమే గజ్జె కట్టే రోజు. వాద్యారు వాణ్ణి పాడమన్నాడు. మొదటి పద్యం బాగానే పోయింది. రెండోదాంట్లో పైకి ఎత్తే చోట గొంతు పగిలింది. మళ్లీ ఎత్తుకున్నాడు. ఈసారి మాట మరిచాడు. మరిచి, నా వైపు తిరిగాడు. నేను అందించవలసింది ఒక్క మాట.

నేను లేచి పద్యమంతా పాడేశాను.

వాడికి సాయం చేద్దామనే నోరు తెరిచానని చాలా ఏళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధం. పాకలో నా గొంతు మోగుతుంటే నాకు నచ్చింది, అంతే.

వాద్యారు తాళం ఆపించాడు. "నీకు అక్షరమే రాదంటిరే. యాడ నేర్చినావప్పా?"

వాడు నన్నే చూస్తున్నాడు.

"ఈడనే సామీ. వింటా వింటా పట్టినాను" అన్నాను.

"కావలికి పెట్టినోడు కోటనే కొట్టేసినాడు కదప్పా!" అన్నాడు హాస్యగాడు. అందరూ నవ్వారు. వాడూ నవ్వాడు.

వాద్యారు నా కాలికి గజ్జె కట్టాడు. అత్త అటక మీంచి దించి తెచ్చిన చీర మూట విప్పింది. కిరీటం తీసి నాకివ్వలేదు, కొడుకు చేతికిచ్చింది. వాడే తెచ్చి నా తలమీద పెట్టాడు.

"బిగువుగా ఉండాదా, బావా?"

"సరిపోయింది" అన్నాను.

ఆ వారమే వాడు మూకండపల్లికి పోయి ఫ్యాక్టరీలో చేరాడు. నాటకానికి రాలేదు. ఆ తర్వాత కూడా ఏ నాటకానికీ రాలేదు. నేను నాలుగుసార్లు రాజునయ్యాను. ఒకసారి మాట మరిచి వెనక్కి తిరిగాను. కొత్త కావలివాడు ఈటె పట్టుకుని నా మొహమే చూస్తున్నాడు.

1985లో కామెర్లొచ్చి వాడు పోయాడు. దినం అయ్యాక అత్త ఆ నోటుపుస్తకం నా చేతిలో పెట్టింది. "నాకెందుకప్పా ఇది. ఆడేవాడివి నువ్వు." అది చదవడానికే మా ఊరి బడి అయ్యవారి కాళ్లావేళ్లా పడి తెలుగు అక్షరాలు నేర్చుకున్నాను. రెండేళ్లు పట్టింది. పద్యాలు నాకు వచ్చినవే. నాకు తెలియనిది అంచున పెన్సిలుతో రాసుకున్నది. రెండో పద్యం పక్కన ఉంది: "ఈడ నాకు మరుపొస్తాది. బావ ఉంటాడు."

వాడు అది మాత్రం నాకెప్పుడూ చదివి వినిపించలేదు.

ఆ శుక్రవారం పాకలో ఉన్నవాళ్లను చెబుతాను. పేర్లు వద్దు, వేషాలు చాలు. వాద్యారు. మద్దెల వాయించేవాడు, తాళం వేసేవాడు. మంత్రి, ఆడవేషం, హాస్యగాడు. ఖాళీ చీర చేత్తో పట్టుకుని అత్త. ఈటె గోడకు ఆనించి వచ్చిన నేను. నేనొక మాట అందిస్తానని చూస్తూ నిలబడ్డ వాడు.