పెద్దసారు పైగుండీ

బడుల పెద్దసార్ల నాయకత్వానికి మార్కులు వేసే పని ఇప్పుడు నాది. ఆ ఫారం తెరిచినప్పుడల్లా, డోర్నకల్ దగ్గరి బడిలో నేను కొత్త టీచరుగా ఉన్నప్పటి మా పెద్దసారు గుర్తొస్తారు. గొడవ ఎక్కడైనా చొక్కా పైగుండీ పెట్టుకుంటూ ఎదురెళ్లేవారు.

ఒకరోజు ఎక్కం తప్పు చెప్పిందని ఒక పాపను చేతులు వాచేలా బెత్తంతో కొట్టాను. మర్నాడు ప్రార్థన జరుగుతుండగా వాళ్ల నాయిన దుడ్డుకర్రతో గేటు తన్నుకుని వచ్చాడు.

"నా బిడ్డను ఎవడు కొట్టిండు?"

నేను పిల్లల వరుస వెనక్కి జరిగాను. పెద్దసారు పైగుండీ పెట్టుకున్నారు.

"నేనే కొట్టిన తమ్మీ."

మొదటి దెబ్బకు కణత పగిలింది. రెండో దెబ్బకు మోకాళ్ల మీద కూలారు. నా పేరు మాత్రం చెప్పలేదు.

దవాఖానకు పోతుంటే ఆటోలో నా తువ్వాలు ఆయన నెత్తుటితో తడిసిపోయింది. ఆయన ఒక్కటే అడిగారు.

"పిల్ల చేతుల వాపు తగ్గిందా సారూ?"

కొట్టిన నాకు ఆ సంగతి తెలియదు.